గూడెం జనాభా ఎంత? రోడ్డు అడిగితే మొదట ఎదురైన ప్రశ్న

రోడ్డు కోసం అర్జీ పట్టుకెళ్తే ముందు దూరం అడుగుతారనుకుంటాం. ముందు అడిగేది జనాభా. గూడెంలో ఎంతమంది ఉంటారు, ఆ సంఖ్యకి ఆధారం ఏమిటి అన్నవి తేలాకే కిలోమీటర్ల మాట, గెడ్డ (కొండవాగు) మాట, అడవి మాట వస్తాయి. మాలాంటి గూడేలు ఏజెన్సీలో చాలా ఉన్నాయి. వాళ్లలో కొందరికైనా పనికొస్తుందని, మేం తిరిగిన తోవంతా ఇక్కడ రాస్తున్నాను.

నేను అల్లూరి సీతారామరాజు జిల్లాలో, పాడేరు వైపు ఒక కొండ గూడెంలో ఏకోపాధ్యాయ పాఠశాల టీచర్ని. గూడెం పేరు, మనుషుల పేర్లు రాయడం లేదు. వాళ్ల ఇళ్ల విషయాలు ఇందులో వస్తాయి కాబట్టి అదే పద్ధతి. కొండ కింద పంచాయతీ ఊరుంది. అక్కడికి తారు రోడ్డుంది, బస్సు వస్తుంది, గిరిజన సహకార సంస్థ (జీసీసీ) వాళ్లు రేషన్ సరుకులిచ్చే డీఆర్ డిపో ఉంది, సచివాలయం ఉంది. అక్కణ్ణుంచి మా గూడేనికి కాలిబాటే. నాలుగు కిలోమీటర్లకి కాస్త పైనే ఉంటుంది. మధ్యలో గెడ్డ దాటాలి. గూడెంలో ఇరవై పైచిలుకు ఇళ్లు, అందరూ కొండదొరలు. ఇంకొంచెం పైకెక్కితే కోదుల గూడెం ఒకటుంది, అక్కడ ఇళ్లు ఇంకా తక్కువ.

వేసవిలో ఆ బాట నడవడం ఇక్కడివాళ్లకి పెద్ద పనేం కాదు. వానాకాలంలో గెడ్డ పొంగితే మాత్రం ఇటువాళ్లు ఇటే, అటువాళ్లు అటే. సంత రోజున ఆడవాళ్లు పసుపు మూటలు, రాజ్మా, అడ్డాకుల కట్టలు నెత్తిన పెట్టుకుని చీకటితోనే బయల్దేరతారు. మగవాళ్లు కావిడి వేసుకుంటారు. ఎంత మొయ్యగలిగితే అంతే అమ్మకం. మిగిలిన సరుకు గూడేనికి వచ్చిన షావుకారు చెప్పిన రేటుకే పోతుంది. రోడ్డు లేని ఊరంటే అందరికీ డోలీ మోతే గుర్తొస్తుంది, పేపర్లో ఫొటో వచ్చేది అదే కాబట్టి. ఏడాది పొడుగునా వారం వారం జరిగే నష్టం మాత్రం ఈ సంత మూటల్లోనే ఉంది. దాని గురించి రాసేవాళ్లు తక్కువ.

డోలీ కూడా నిజమే. కర్రకి దుప్పటి కట్టి, ముందొకరు వెనకొకరు పట్టి, మార్చుకోవడానికి ఇంకో ఇద్దరు పక్కన నడుస్తూ దింపుతారు. మోటారు సైకిలుకి పడక బిగించిన ఫీడర్ అంబులెన్సులు ఏజెన్సీకి వచ్చాక కొన్ని గూడేలకి ఊరట కలిగింది. మా బాట రాళ్ల మీద అది సగం దాకానే ఎక్కుతుంది. అందుకే నెలలు నిండక ముందే గర్భిణుల్ని కిందికి తీసుకెళ్లి వసతి గృహంలో ఉంచమని ఆశా కార్యకర్త ఇంటింటికీ తిరిగి చెప్తుంది. పెద్ద పిల్లల్ని, మేకల్ని ఎవరికి అప్పగించి వెళ్లాలన్నది ఆ తల్లుల బాధ. ఆశా కార్యకర్త ఒప్పించే తీరు చూస్తే నాకు చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

2011 జనగణనలో ఈ గూడేలని లెక్కపెట్టింది నేనే. అప్పటికి మాది విశాఖపట్నం జిల్లా. ఆ ఏడాది ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా ఇంటింటి లెక్క, మార్చి 1 నుంచి 5 దాకా మళ్లీ తిరిగి సరిచూడటం. ఫిబ్రవరి 28 అర్ధరాత్రి దాటి మార్చి 1 మొదలయ్యే క్షణానికి దేశంలో ఎంతమంది ఉన్నారన్నదే ఆ లెక్క. మండలానికి తహసీల్దారు ఛార్జి ఆఫీసరు, ఇంటింటికీ తిరిగి రాసే ఎన్యూమరేటర్లు ఎక్కువగా మా టీచర్లే. ఒక్కో ఎన్యూమరేటర్‌కి అప్పగించిన చోటుని బ్లాకు అంటారు. మైదానంలో ఒక బ్లాకు అంటే ఊళ్లో నాలుగు వీధులు. నా బ్లాకు అంటే కొండ మీద ఇక్కడో పదిళ్లు, అక్కడో పదిళ్లు.

ముందు పటం గీయాలి. తెల్లకాగితం మీద గెడ్డ, బాట, రచ్చబండ, బడి, తర్వాత ఇళ్లు. పక్కా ఇంటికి చతురస్రం, కచ్చా ఇంటికి త్రిభుజం. మట్టిగోడలు కావడంతో నా పటం నిండా త్రిభుజాలే వచ్చాయి, బడి ఒక్కటే చతురస్రం. ఒక్కో ఇంటి గోడ మీద నంబరు వేసుకుంటూ వెళ్లాను. పై గూడెంలో ఒక ముసలమ్మ మనవడి వయసు అడిగితే కాసేపు ఆలోచించింది. "ఈడు పుట్టినేడే మాకు కాపీ మొక్కలిచ్చారు మాస్టారూ" అంది. కాఫీ మొక్కలు ఎప్పుడిచ్చారని పక్కింటివాళ్లని అడిగితే, పెద్ద గాలివాన తర్వాతి ఏడన్నారు. గాలివాన ఎప్పుడంటే ఇంకొకాయన తన పెళ్లితో లెక్క కట్టి చెప్పాడు. అలా నలుగురూ కలిసి ఆ పిల్లాడికి వయసు తేల్చారు. పుట్టిన తేదీ తెలియనివాళ్ల వయసు అందరికీ గుర్తున్న సంఘటనలతో పోల్చి రాబట్టమని మాకు శిక్షణలోనూ చెప్పారు.

ఆ ఫారంలో ప్రయాణం గురించి కూడా ఒక ప్రశ్న ఉంది. పని చేసే చోటికి ఎంత దూరం వెళ్తారు, దేని మీద వెళ్తారు అని. నడక, సైకిలు, మోటారు సైకిలు, ఆటో, బస్సు, రైలు, పడవ దాకా అన్నీ వరసగా ఉన్నాయి. అయితే సొంత సాగు చేసేవాళ్లనీ, వ్యవసాయ కూలీలనీ, ఇంటి పరిశ్రమల వాళ్లనీ ఆ ప్రశ్న అడగకూడదు. మిగతా పనులవాళ్లకే అది. మా గూడెంలో దాదాపు అందరిదీ సాగూ, కూలీనే. కాబట్టి ఆ గడులు ఖాళీగా మిగిలాయి. సంతకి నడిచే నడక, డిపో బియ్యానికి నడిచే నడక ఏ గడిలోనూ రాసే వీల్లేదు.

ఫారాలు కట్ట కట్టి దిగుతుంటే గూడెం పెద్ద అడిగాడు: "మా గూడెం లెక్కలోకి ఎక్కినట్టేనా మాస్టారూ?" ఎక్కిందని చెప్పాను. అది నిజమే. కానీ ఎక్కడ ఎక్కిందన్నది తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది.

గ్రామీణ రోడ్ల పథకం, అందరూ పీఎంజీఎస్‌వై అనేది, 2000 డిసెంబర్ 25న మొదలైంది. మొదటి దశలో కొలబద్ద 2001 జనాభా. మైదానంలో 500, కొండ రాష్ట్రాల్లో, ఐదో షెడ్యూలు గిరిజన ప్రాంతాల్లో 250. ఆ జాబితాల్లో మా గూడెం విడిగా లేదు. నాలుగో దశకి 2024 సెప్టెంబర్‌లో కేంద్ర కేబినెట్ ఆమోదం వచ్చింది. దేశం మొత్తం మీద 25 వేల ఆవాసాలకి 62,500 కిలోమీటర్ల రోడ్లు, 2011 జనాభా ప్రకారం. మైదానంలో 500, గిరిజన ప్రాంతాల్లాంటి చోట్ల 250, నక్సల్ ప్రభావిత జిల్లాల్లో 100. మా జిల్లాకి వర్తించేది 100 అని ఇంజినీర్లు చెప్పారు. గూడెం యువకులు పేపరు కటింగు పట్టుకుని బడికి పరుగెత్తుకొచ్చారు. ఎంత సంబరమో వాళ్లకి. అర్జీ నేనే రాశాను.

ఒక ఆఫీసులో అర్జీ చూసి, కంప్యూటర్లో వెతికి, "మీ ఊరికి రోడ్డు ఉన్నట్టే ఉంది కదండీ" అన్నారు. వాళ్లు చూసింది మా రెవెన్యూ గ్రామం వరస. జనగణనలో పల్లెల వైపు లెక్క రెవెన్యూ గ్రామం పేరునే వస్తుంది. దేశంలో అలాంటి గ్రామాలు 6.4 లక్షల దాకా ఉన్నాయి, ఒక్కోదానికి ఆరంకెల కోడ్ ఉంటుంది. దాని కింద ఉన్న గూడేలు, తండాలు, వాడల జనమంతా ఆ ఒక్క సంఖ్యలో కలిసిపోతారు. కొండ కింది ఊరు, మా గూడెం, పై గూడెం, ఇంకో రెండు గూడేలు, అన్నీ ఒకే కోడు, ఒకే జనాభా.

ఆ రాత్రి జిల్లా జనగణన పుస్తకం సెల్‌ఫోన్లో తెరిచాను. జనగణన శాఖ ప్రతి జిల్లాకీ ఇలాంటి పుస్తకం వేస్తుంది, ఎవరైనా ఉచితంగా దింపుకోవచ్చు. మా జిల్లా 2022 ఏప్రిల్ 4న పుట్టింది కాబట్టి 2011 పుస్తకం కోసం పాత విశాఖపట్నం జిల్లా పేరుతో వెతకాలి. అందులో గ్రామాల వారీగా వసతుల పట్టిక ఉంటుంది. బడి, ఆసుపత్రి, పోస్టాఫీసు, బస్సు, తారు రోడ్డు. ఏదైనా వసతి ఊళ్లో లేకపోతే దగ్గర్లో ఎంత దూరంలో దొరుకుతుందో ఇంగ్లీషు చిన్నక్షరాలతో గుర్తు పెడతారు. 'ఎ' అంటే 5 కిలోమీటర్ల లోపు, 'బి' అంటే 5 నుంచి 10, 'సి' అంటే 10 దాటి. మా గ్రామం వరసలో రోడ్డు ఉన్నట్టే ఉంది. రాసినవాళ్లు తప్పు రాయలేదు. కింది ఊరికి రోడ్డుంది, గ్రామం అంటే వాళ్ల దృష్టిలో కింది ఊరే. కొండ మీది నాలుగు గూడేలు ఆ ఒక్క "ఉంది" చాటున పడిపోయాయి.

నా అభిప్రాయం ఏమిటంటే, చిన్న ఊళ్లకి రవాణా ఎందుకు రాలేదన్న ప్రశ్నకి జవాబు చాలాసార్లు డబ్బు దగ్గర కాక ఈ పట్టిక దగ్గరే దొరుకుతుంది. ప్రత్యేకంగా వరస లేని ఊరికి లోటు ఉన్నట్టు ఎవరికీ కనపడదు.

అదృష్టం ఏమిటంటే రోడ్డు పథకం చూసేది రెవెన్యూ గ్రామాన్ని కాదు, ఆవాసాన్ని. ఒక చోట స్థిరంగా గుంపుగా ఉండే ఇళ్లు ఏవైనా ఆవాసమే. పక్కా రోడ్డుకి మైదానంలో అయితే కనీసం 500 మీటర్లు, కొండల్లో అయితే నడక దారిన 1.5 కిలోమీటర్లు దూరంగా ఉండాలి. మాకు ఆ షరతు ఎప్పుడో దాటింది. మిగిలింది 2011 నాటి గూడెం జనాభా చూపించడం.

గూడెం మొత్తం నేనే రాశాను కాబట్టి ఆ ఫారాలు అడిగితే సరిపోతుందని కొందరన్నారు. అలా కుదరదు. 1948 జనగణన చట్టం ప్రకారం ఇంటింటి ఫారాలు రహస్యం. ఎవరూ చూడటానికి వీల్లేదు, కోర్టులో సాక్ష్యంగా కూడా పనికిరావు. ఆ నిబంధన సరైనదే. అది ఉండబట్టే జనం ధైర్యంగా తమ వివరాలు చెప్తారు. కాబట్టి నా చేతి రాతే అయినా అది నాకు అందదు. పైగా నాకు లీలగా గుర్తుంది, 2011లో మా గూడెం వందకి కొంచెం తక్కువ. ఇప్పుడైతే వంద దాటింది. కానీ లెక్కకి వచ్చేది అప్పటిదే. ఆ సంగతి గూడెం వాళ్లకి దాచకుండా చెప్పాను. ఆ సాయంత్రం చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. నాకూ లోపల టెన్షనే.

ఇక మిగతా రికార్డుల వేట. రేషన్ కార్డుల్లో కొత్తగా వచ్చిన కోడళ్లు పుట్టింటి కార్డులోనే ఉన్నారు. ఓటర్ల జాబితాలో పద్దెనిమిది దాటినవాళ్లే ఉంటారు, అదీ పోలింగ్ కేంద్రం వారీగా, కింది ఊరితో కలిపి. అంగన్‌వాడీ సర్వే రిజిస్టరులో ఇంటింటికీ మనుషుల పేర్లున్నాయి కానీ పాత రిజిస్టర్లు కొన్ని చెదలు పట్టాయి. చెన్నై వైపు భవనాల పనులకి వెళ్లిన కుర్రాళ్లని ఒక రికార్డు ఉన్నట్టు చూపిస్తే, ఇంకోటి వలస అని కొట్టేసింది. మా బడి హాజరు పట్టీలు మాత్రం మొదటి నుంచీ భద్రంగా ఉన్నాయి. 2011లో బడికొచ్చిన పిల్లల పేర్లు, తండ్రుల పేర్లు వాటిలో దొరికాయి.

అన్నిటికంటే పనికొచ్చింది గ్రామీణ నీటి సరఫరా విభాగం జాబితా. బోరు వెయ్యాలన్నా, కుళాయి పెట్టాలన్నా వాళ్లకి గూడెం వారీగా జనాభా కావాలి. అందుకని వాళ్ల దగ్గర ప్రతి ఆవాసానికీ విడిగా పేరు, విడిగా సంఖ్య ఉంటాయి. మా గూడెం పేరు, పై గూడెం పేరు రెండూ వేర్వేరుగా అక్కడ కనిపించాయి. మా గూడేనికి ప్రభుత్వ కాగితం మీద సొంత వరస ఉండటం నేను చూడటం అదే మొదటిసారి. రోడ్డు కోసం తిరిగే గూడెం వాళ్లెవరైనా ముందు వెళ్లాల్సింది ఆ ఆఫీసుకేనని గట్టిగా చెప్తాను.

తర్వాత గ్రామసభ. పంచాయతీ గ్రామసభ కింది ఊళ్లో జరుగుతుంది, అక్కడ మా గూడెం గొంతు ఐదు ఊళ్ల మధ్య ఒకటి. షెడ్యూలు ప్రాంతాలకి 1996 నాటి పీసా చట్టం ఉంది. దాని ప్రకారం ఒక ఆవాసం గానీ, కొన్ని ఆవాసాలు కలిసి గానీ తమ కట్టుబాట్ల ప్రకారం నడుచుకునే సమూహమైతే దాన్నే గ్రామంగా గుర్తిస్తారు, దానికి గ్రామసభ ఉంటుంది. రాష్ట్రం 2011లో నిబంధనలు తెచ్చింది. మేం గూడెం రచ్చబండ దగ్గరే సభ పెట్టాం. పంచాయతీ కార్యదర్శి, వీఆర్వో కొండెక్కి వచ్చారు. సర్పంచ్ కూడా గూడేల బిడ్డే, మొదటి నుంచీ మా పక్షాన నిలబడింది. ఇంటింటి జాబితా చదివాం. ప్రతి పేరుకీ 2011 నాటికి ఉన్నారా, తర్వాత పుట్టారా, తర్వాత వచ్చిన కోడలా అని అందరి ముందే తేల్చాం. చనిపోయినవాళ్ల పేర్లు కూడా చదవాలి, వాళ్లు అప్పటి లెక్కలో ఉన్నారు కాబట్టి. నేను పేరు చదివితే ఎవరో ఒకరు "పోయాడు" అనేవారు, కార్యదర్శి రాసుకునేవాడు. ఒక పేరు దగ్గర ఒకామె కొంగు నోటికడ్డం పెట్టుకుంది. తొమ్మిది నెలలు మోసి కన్న బిడ్డ జ్వరంతో పోయిన ఇల్లది. సభ కాసేపు ఆపి, తర్వాత మొదలుపెట్టాం.

అంతా కూడితే మా గూడెం ఒక్కటే వందకి తక్కువే వచ్చింది. నా జ్ఞాపకం సరైనదే.

దారి చూపింది ఇంజినీరింగ్ విభాగం అసిస్టెంట్ ఇంజినీరు, ఏఈ గారు. చిన్న వయసు, ఓపిక ఉన్న మనిషి. పథకం మార్గదర్శకాల్లో మొదటి నుంచీ ఉన్న ఒక నిబంధన ఆయన విప్పి చెప్పారు. మైదానంలో 500 మీటర్ల వ్యాసార్ధంలోనూ, కొండల్లో నడక దారిన 1.5 కిలోమీటర్లలోనూ ఉన్న ఆవాసాల జనాభాని కలిపి చూడొచ్చు. మా గూడేనికీ పై గూడేనికీ మధ్య దూరం 1.5 లోపు ఉంటే రెండూ ఒకే గుంపు. కలిపితే వంద సునాయాసంగా దాటుతుంది.

ఆ దూరం ఎంతో ఎవరికీ కచ్చితంగా తెలియదు. "ఓ చుట్ట కాల్చేంత దూరం బాబూ" అన్నాడు గూడెం పెద్ద. ఏఈ గారు నవ్వి, కొలుద్దాం పదండన్నారు. బాట మీద తుప్పలు ముందురోజే కుర్రాళ్లు నరికేశారు. బడి దగ్గర మొదలుపెట్టాం. ఆయన చేతిలో ఫోను, దానిలో దారి గీత. నిటారుగా ఎక్కే చోట అడ్డదారిన వెళ్దామని కుర్రాళ్లు లాగుతుంటే, వద్దు, రోజూ నడిచే బాటనే నడవాలి అన్నారు. ఊట దగ్గర ఆగి నీళ్లు తాగాం. పై గూడెం మొదటి ఇంటి గుమ్మం దగ్గర ఆగి ఫోను మాకు చూపించారు. ఒకటిన్నరకి తక్కువే. పై గూడెం వాళ్లకి తెలుగు కొంచెమే, వాళ్లది కువి భాష. సంగతి తెలిసిన కుర్రాడు వాళ్ల మాటలో చెప్పగానే ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. అక్కడే ఫొటోలు తీసి యాప్‌లో ఎక్కించారు. పై గూడెం కోదులు ప్రత్యేకంగా బలహీనమైన గిరిజన తెగల్లోకి వస్తారు. వాళ్ల ఆవాసాల్లో వంద మంది ఉంటే 2023 నవంబర్‌లో ఆ తెగల కోసం మొదలైన కేంద్ర పథకం పీఎం జన్‌మన్ కింద కూడా రోడ్డు అడగొచ్చు. కానీ పై గూడెం ఒక్కటే అయితే ఆ సంఖ్య చాలదు. రెండు గూడేలు ఒకరి కోసం ఒకరు లెక్కలోకి రావడం నాకు ఈ మొత్తంలో అన్నిటికంటే సంతోషం కలిగించింది.

అడవి సంగతి విడిగా చెప్పాలి. గెడ్డ దాటాక బాట కొంత రిజర్వు అడవిలోంచి పోతుంది. అటవీ హక్కుల చట్టం, 2006 నాటిది, సెక్షన్ 3(2) కింద బడి, అంగన్‌వాడీ, తాగునీరు, రోడ్డు లాంటి 13 రకాల పనులకి అటవీ భూమి ఇవ్వొచ్చు. ఒక్కో పనికి ఒక హెక్టారు లోపు, హెక్టారుకి 75 చెట్లకి మించి కొట్టకూడదు, గ్రామసభ సిఫార్సు తప్పనిసరి. ఆరు మీటర్ల వెడల్పు అనుకుంటే ఒక హెక్టారు దాదాపు 1.7 కిలోమీటర్ల రోడ్డుకి వస్తుంది. మా దారిలో అడవి ముక్క అంతకంటే తక్కువ. అటవీ సిబ్బంది, ఇంజినీర్లు, మేం కలిసి నడిచి చెట్లకి గుర్తులు వేసుకున్నాం. పెద్ద మామిడి చెట్టొకటి అడ్డొస్తే దారిని కొద్దిగా వంచారు.

అడవి కంటే కష్టమైంది కాఫీ తోటల దగ్గర. ఇక్కడ కాఫీ సిల్వర్ ఓక్ చెట్ల నీడన పెరుగుతుంది, ఆ చెట్లకి మిరియాల తీగలు పాకిస్తారు. మలుపు తీసుకునే చోట ఒక రైతుకి కాపుకొచ్చిన వరసలు పోతాయి. తీగ కాపుకి రావడానికి ఏళ్లు పడుతుంది. ఆయన వెంటనే ఒప్పుకోలేదు, ఒప్పుకోవాలని నేను అడగనూ లేదు. గూడెం పెద్దలు కూర్చుని, ఎవరెవరు తమ తోటల్లోంచి మొక్కలూ తీగలూ ఇచ్చి ఆయన మెట్టలో నాటి పెట్టాలో మాట్లాడుకున్నారు. నాటారు కూడా. ఆయన త్యాగం కాగితాల్లో ఎక్కడా ఉండదు కాబట్టి ఇక్కడైనా రాసి పెడుతున్నాను.

తారు రోడ్డు మంజూరుకి టైం పడుతుందని ముందు ఉపాధి హామీ కింద మట్టి రోడ్డు పని పెట్టారు. గూడెం మొత్తం పనికి దిగింది. సొంత దారికి సొంత కూలీ దొరకడం వాళ్లకి మహా ఇష్టంగా ఉండేది. 2025 ఏప్రిల్‌లో రాష్ట్రం అడవితల్లి బాట పేరుతో గిరిజన రోడ్ల పనులు మొదలుపెట్టాక ఆఫీసుల్లో ఈ ఫైళ్లకి కదలిక వచ్చింది. మా రెండు గూడేల పేర్లు సర్వే జాబితాలో ఒకే గుంపుగా నమోదయ్యాయి. ఏఈ గారు ఆ పేజీ ప్రింటు తీసి ఇస్తే బడి గోడకి అంటించాం.

మట్టి రోడ్డు గెడ్డ దాకా వచ్చింది. అంతమాత్రానికే వచ్చిన మార్పు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. సంత రోజున జీపు గెడ్డ ఒడ్డుకి వస్తోంది. పసుపు ఇప్పుడు బస్తాల్లో దిగుతోంది. షావుకారు కూడా వస్తున్నాడు కానీ రేటు మాట్లాడేటప్పుడు గూడెం ఆడవాళ్లు "ఇస్తే ఇయ్యి, నేకపోతే సంతకి ఏసుకుపోతాం" అంటున్నారు. ఫీడర్ అంబులెన్స్ గెడ్డ దాకా వస్తోంది, డోలీ మోసే దూరం బాగా తగ్గింది.

బస్సు మాత్రం కింది ఊరి దాకానే. ఆడవాళ్లకి ఉచిత బస్సు రాష్ట్రంలో 2025 ఆగస్టు 15 నుంచి వచ్చింది, మా గూడెం ఆడవాళ్లు పాడేరు వెళ్లడానికి దాన్ని బాగా వాడుకుంటున్నారు. కాకపోతే బస్సెక్కే దాకా జీపు చార్జీ, లేదా నడక. కొండ మీదికి బస్సు రావాలంటే దారి వెడల్పు, తిప్పుకునే చోటు, సరిపడా ప్రయాణికులు కావాలి. ఇన్ని ఇళ్లకి బస్సు రాదు, అది నేనూ ఒప్పుకుంటాను. జీపులూ ఆటోలే మా బస్సులు. వాటికి వానలో జారని దారి ఉంటే చాలు.

ఇప్పుడు మళ్లీ జనగణన వస్తోంది. 2021లో జరగాల్సింది కరోనా వల్ల వాయిదా పడింది. ఈసారి దేశంలో ఎక్కువ భాగానికి 2027 మార్చి 1 ప్రామాణిక తేదీ, వివరాలు ఫోన్లలో నమోదవుతాయి. రాబోయే పదేళ్లకి పైగా ప్రతి పథకం ఆ సంఖ్య మీదే నడుస్తుంది. అందుకే చుట్టుపక్కల గూడేల్లో చదువుకున్న పిల్లల్ని కూర్చోబెట్టి కొన్ని మాటలు చెప్తున్నాను. ఎన్యూమరేటర్ వచ్చినప్పుడు పై గూడేలకి కూడా దగ్గరుండి తీసుకెళ్లండి, కింది ఊళ్లో కూర్చుని రాయనివ్వకండి. వలస వెళ్లినవాళ్ల సంగతి తేదీలతో సహా చెప్పండి. పటంలో గూడెం పేరు విడిగా రాశారో లేదో చూడండి. అదే నెలలో మీ గ్రామసభలో ఇంటింటి జాబితా చదివి, తీర్మానం చేసి, తేదీ వేసి, సంతకాలతో దాచుకోండి. ప్రభుత్వ ఫారం మీకు తిరిగి దొరకదు, మీ జాబితా మీ దగ్గరుంటుంది. మా గూడెంలో పది పాసైన ఒకమ్మాయి ఆ నోటుబుక్కు ఇప్పటికే మొదలుపెట్టింది. పుట్టినవాళ్లు, పోయినవాళ్లు, పెళ్లయి వెళ్లినవాళ్లు, ఎవరెవరు ఏ తేదీన అని రాస్తోంది.

మాకు ఇంకా మిగిలింది గెడ్డ మీద కల్వర్టు, ఆపైన పై గూడెం దాకా ఎక్కే ముక్క, తర్వాత తారు. కల్వర్టుకి అంచనా వేరేగా వేశారు, ఫైలు పైకి వెళ్లింది. అది వానల్లోపు తేలితే జీపు ఈ ఏడే బడి దాకా వస్తుంది. తేలకపోతే ఇంకో వానాకాలం గెడ్డ ఇవతలే ఆగుతుంది. వచ్చే వారం సర్పంచ్, నేనూ, పై గూడెం నుంచి ఇద్దరూ కలిసి మళ్లీ పాడేరు వెళ్తున్నాం.